లంక ఊళ్లో పంచాయతీ పని చేయించుకోవడం ఎలా: రేవు పాట దగ్గర్నుంచి వరద లిస్టు దాకా

ఒక ఏడాది జూలైలో ఎర్రనీరు, అంటే మొదటి వరద బురద నీరు వచ్చి మా ఊరి బాట తెగిపోయింది. ప్రతీ ఏడూ తెగేదే అనుకోండి, ఎండాకాలం పాయలో మట్టీ గ్రావెలూ పోసి బాట వేస్తారు, మొదటి వరదకే అది గోదాట్లో కలిసిపోద్ది. కానీ ఆ ఏడాది పడవ కూడా పెట్టలేదు. చేపల పడవోడిని బతిమాలి ఓ పదిహేను మందిమి అవతలొడ్డుకెళ్ళి మండలాఫీసుకి పోతే, అక్కడున్నాయన కుర్చీలేయించి మంచినీళ్ళిచ్చి, చాలా మర్యాదగా "ఇది మార్చిలో అడగాల్సిందండి" అన్నారు. ఆ పూట ఒళ్ళు మండిపోయింది గానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజమే. గోదారికో క్యాలెండర్ ఉంది, ఆఫీసుకో క్యాలెండర్ ఉంది, రెండూ కలవవు. మనకి అవసరం వచ్చేసరికి వాళ్ళ దగ్గర డబ్బులు అయిపోయుంటాయి, వాళ్ళ దగ్గర డబ్బులున్నప్పుడు పాయ ఎండిపోయి ఉంటుంది కాబట్టి మనకి పడవ సంగతే గుర్తుండదు.

ఇది గోదారి లంకలోళ్ళ కోసం, అంటే పాయల మధ్య దీవుల్లాంటి ఊళ్ళవాళ్ళ కోసం రాస్తున్నా. పి.గన్నవరం మండలంలో ఉడిమూడిలంక, అరిగెలవారిపేట, బూరుగులంక, జి.పెదపూడి లంక లాంటి ఊళ్ళు, ముమ్మిడివరం వైపు లంకలు, అవతల పశ్చిమగోదావరి లంకలు. కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో ఎదురుమొండి దీవి వాళ్ళకి కూడా చాలావరకు ఇదే పనికొస్తుంది, అక్కడ పాయ వేరు, ఫైలు ఒకటే.

ముందు మీ ఊరు ఎవరి కిందుందో తేల్చుకోండి

నవ్వకండి, చాలామందికి ఇక్కడే తేడా కొడుతుంది. కొన్ని లంకలు సొంతంగా గ్రామ పంచాయతీ. చాలా లంకలు గట్టు మీదున్న పెద్ద ఊరికి శివారు మాత్రమే, అంటే మీకు సర్పంచ్ ఉండడు, ఒకరో ఇద్దరో వార్డు మెంబర్లు ఉంటారు, గ్రామసభ గట్టు మీద జరుగుద్ది, మీరు వెళ్ళేలోపు అయిపోద్ది. మీది శివారైతే మీ వార్డు మెంబరే మీకు ముఖ్యం, సర్పంచ్ గారి కంటే కూడా. పంచాయతీ మీటింగులో చెయ్యెత్తేది ఆ మెంబరే.

రెండోది, పనిని బట్టి ఆఫీసు మారుద్ది. ఊళ్ళో సీసీ రోడ్డు, డ్రైను, వీధి లైటు, బోరు, చెత్త, ఇవి పంచాయతీ. మంచినీళ్ళ స్కీము పెద్దదైతే ఆర్‌డబ్ల్యూఎస్, అంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ. ఏటిగట్టు, గట్టు కోత, రాళ్ళ రివిట్‌మెంటు అంతా ఇరిగేషన్ వాళ్ళది, సర్పంచ్ గారి మీద అరిచినా లాభం లేదు. పొలం హద్దు, వరద నష్టం, పునరావాస కేంద్రం ఇవన్నీ రెవెన్యూ, అంటే వీఆర్వో, ఎమ్మార్వో. కరెంటు 1912. వంతెన కావాలంటే అది పంచాయతీ ఎత్తలేని బరువు, ఎమ్మెల్యే గారి దగ్గరకి పోవాల్సిందే, కానీ ఆయన దగ్గరకి కూడా పంచాయతీ తీర్మానం కాపీ పట్టుకుని వెళ్తే మాట్లాడే తీరు మారుద్ది.

ఇందులో చిక్కు ముడులుంటాయి. కనకాయలంక చూడండి, ఊరు పశ్చిమగోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది, జనం రాకపోకలు మాత్రం ఇటు పి.గన్నవరం మండలం చాకలిపాలెం దగ్గర కాజ్‌వే మీద. వరదొస్తే ఆ కాజ్‌వే మునుగుద్ది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఇటువైపు కోనసీమ జిల్లా అయింది. ఊరు ఒక కలెక్టర్ గారిది, దారి ఇంకో కలెక్టర్ గారి వైపు. ఇలాంటి చోట అర్జీ ఒక్క ఆఫీసుకి పెట్టి ఊరుకుంటే "అది మా పరిధి కాదండి" అనే జవాబొస్తుంది. ఒకే అర్జీని రెండు జిల్లాల్లోనూ పెట్టండి, రెండో దాంట్లో మొదటిదాని నంబరు రాయండి, మొదటి ఆఫీసుకి మళ్ళీ వెళ్ళి రెండోదాని నంబరు కూడా ఇచ్చి రండి. అప్పుడు ఎవరో ఒకరు ఫోనెత్తి రెండోవాళ్ళకి చేయక తప్పదు.

గోడ మీద క్యాలెండర్లో ఇవి రాసుకోండి

అక్టోబర్ నుంచి జనవరి దాకా: వచ్చే ఏడాది పనుల ప్లాను తయారయ్యే కాలం. దీన్ని జీపీడీపీ అంటారు, గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక. 2018 నుంచి దేశమంతా అక్టోబర్ 2న ఈ కార్యక్రమం మొదలెడుతున్నారు. ఈ ప్లానులో లేని పనికి తర్వాత డబ్బు తేవడం ఎంత కష్టమో పడ్డోడికే తెలుస్తుంది. మంచి విషయమేంటంటే అక్టోబరుకి మనకి వరద అప్పుడే తీసుంటుంది, ఎక్కడ ఎంత మునిగిందో కళ్ళముందే ఉంటుంది, గోడల మీద బురద గీత కూడా ఇంకా పోయుండదు. ఆ గీత ఫోటో తీసి పెట్టుకోండి, పక్కన ఓ మనిషిని నిలబెట్టి తీయండి, ఎత్తు తెలుస్తుంది.

ఫిబ్రవరి, మార్చి: రేవు పాట, అంటే రేవులో పడవ నడిపే హక్కుకి వేలం. దీని సంగతి కింద విడిగా చెప్తా.

ఏప్రిల్, మే: పని చేసే నెలలు. పాయలో నీళ్ళు తక్కువ, ఇసక, సిమెంటు, కంకర ట్రాక్టరు మీద ఊళ్ళోకి వస్తాయి. జూన్ దాటితే అదే సిమెంటు బస్తా పడవ మీద రావాలి, కాంట్రాక్టరు గిట్టదని పారిపోతాడు. కాబట్టి వర్క్ ఆర్డరు మార్చి చివరికి చేతిలో ఉండేలా చూడాలి, మేలో ఎస్టిమేటు వేస్తామంటే ఆ పని ఆ ఏడాది కాదని అర్థం.

జూన్: మండలం స్థాయిలో వరదల మీద మీటింగు పెడతారు. మీ ఊరికి ఎన్ని పడవలు, ఏ స్కూలు పునరావాస కేంద్రం, బ్లీచింగ్ ఎంత అనేవి తేల్చేది అక్కడే.

జూలై నుంచి సెప్టెంబర్ దాకా ఇంక గోదారి చెప్పినట్టు మనం వినాలి.

అర్జీ ఎలా రాయాలి

ఒక అర్జీలో ఒకే సమస్య. రోడ్డూ, లైటూ, పింఛనూ, కోతుల బెడదా అన్నీ కలిపి రాస్తే అది ఏ సెక్షనుకీ చెందదు, టేబుల్ మీదే ఉండిపోద్ది. ఎక్కడ, ఎంత పొడుగు, ఎంతమందికి, ఎన్నిసార్లు జరిగింది, ఏం కావాలి, ఈ ఐదూ ఉంటే చాలు. ఇలా:

"గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. విషయం: 5వ వార్డులో బోరు మోటారు దిమ్మె ఎత్తు పెంచుట గురించి. అయ్యా, మా వార్డులో రామాలయం వెనుక ఉన్న పంచాయతీ బోరు మోటారు, స్టార్టరు నేలకు ఆనుకుని ఉన్నందున గత మూడు సంవత్సరములలో రెండుసార్లు వరద నీట మునిగి కాలిపోయినవి. ఆ సమయమున సుమారు 60 కుటుంబములకు మంచినీరు లేక ఇబ్బంది పడితిమి. కావున ఆరు అడుగుల ఎత్తున దిమ్మె కట్టి స్టార్టరును దానిపైకి మార్చవలసినదిగాను, ఈ విషయమును రాబోవు గ్రామసభ అజెండాలో చేర్చవలసినదిగాను కోరుచున్నాము."

ఆ "కోరుచున్నాము" భాష ఎందుకు అంటారా, ఎందుకో మరి, మామూలుగా మాట్లాడినట్టు రాస్తే కొందరికి అది అర్జీలాగా కనపడదు. రాసెయ్యండి, పోయేదేముంది. చివరి వాక్యం మాత్రం ముఖ్యం, అజెండాలో చేర్చమని అడగడం. అడగకపోతే ఆ కాగితం ఫైల్లోకి వెళ్తుంది, సభలోకి రాదు.

కింద సంతకాలు పదో పదిహేనో చాలు, ఆధార్ జిరాక్సులు అక్కర్లేదు. రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకటిచ్చి రెండోదాని మీద తేదీ వేయించి, సంతకం, స్టాంపు తీసుకోండి. స్టాంపు లేదంటే సంతకం, తేదీ చాలు. "మీ మీద నమ్మకం లేకనా ఏంటండి, మా ఊళ్ళో వాళ్ళకి చూపించాలి, లేకపోతే నేను రాలేదంటారు" అనండి, ఎవరూ నొచ్చుకోరు. నేను ఈ డైలాగ్ చాలాసార్లు వాడాను.

గ్రామసభ: ఇక్కడ నిలబడితే సగం పని అయినట్టే

ఓటర్ల లిస్టులో పేరున్న ప్రతీ ఒక్కరూ గ్రామసభ సభ్యులే. 1994 నాటి మన పంచాయతీరాజ్ చట్టంలో ఆరో సెక్షన్ ఇది చెప్తుంది. ఎవరూ పిలవక్కర్లేదు, వెళ్ళి కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. మామూలుగా రిపబ్లిక్ డే, ఏప్రిల్ 24 పంచాయతీరాజ్ దినోత్సవం, ఆగస్టు 15, అక్టోబర్ 2, ఈ తేదీల చుట్టుపక్కల సభలు పెడుతుంటారు. 2024 ఆగస్టు 23న అయితే రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు పెట్టారు. ఆగస్టు అంటే మాకు పడవల కాలం, అయినా జనం వచ్చారు, ఉపాధి పనుల లిస్టు చదువుతారని తెలిసి.

మామూలు రోజుల్లో గ్రామసభ ఎలా ఉంటుందంటే, పదకొండింటికి అని చాటింపేస్తారు. పన్నెండుకి షామియానా కిందికి ఓ పాతికమంది చేరతారు, అందులో సగంమంది పింఛను గురించి అడగడానికొచ్చిన మామ్మలు. సెక్రటరీ గారు ఏదో గబగబా చదువుతారు, మైకు కుయ్యిమంటుంది, ఎవరికీ ఏం వినపడదు. ఈలోపు ఓ కుర్రాడు రిజిస్టరు పట్టుకుని "ఇక్కడో సంతకం పెట్టండి బాబాయ్" అని తిరుగుతుంటాడు. టీలు వస్తాయి. అయిపోయింది. ఆ సంతకాల పేజీకి పైన ఏం రాస్తారో ఆ సాయంత్రం దాకా ఖాళీగానే ఉంటుంది.

అందుకని ఇలా చేయండి. వారం ముందే అజెండా కాపీ అడగండి. సభకి కనీసం పది మంది, అందులో సగం ఆడవాళ్ళు ఉండేలా వెళ్ళండి, డ్వాక్రా సంఘం లీడర్లుంటే ఇంకా మంచిది, వాళ్ళకి రిజిస్టర్లు, తీర్మానాలు, మినిట్స్ అన్నీ అలవాటే, సంఘంలో నెలకి నాలుగుసార్లు రాస్తారు కాబట్టి వాళ్ళని ఎవరూ మాయ చేయలేరు. మాట్లాడేది ఒక్కరే మాట్లాడాలి. మిగతావాళ్ళు తలూపితే చాలు, అందరూ ఒకేసారి లేస్తే అది గొడవ అయిపోద్ది, గొడవ అయితే సభ వాయిదా.

మీ విషయం అయిపోగానే "తీర్మానం నంబరు ఎంతండి?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న గుర్తుపెట్టుకోండి. "రాసుకున్నాం" అంటే తీర్మానం కాదు. మినిట్స్ బుక్కులో నంబరు పడాలి, ప్రతిపాదించింది ఎవరు, బలపరిచింది ఎవరు అని పడాలి. అది రాశాకే సంతకం పెట్టండి, లేదా సంతకం పెట్టి ఆ పేజీ ఫోటో తీసుకోండి. మా పక్క లంకలో ఒకసారి ఇలా ఫోటో తీసిన పెద్దమ్మగారొకావిడ మూడు నెలల తర్వాత ఆ ఫోటో ఆఫీసులో చూపిస్తే, "మా రికార్డులో ఇది లేదే" అన్న ఆయన ఫోనుని దగ్గరగా, దూరంగా పెట్టి చూసి, లోపలికెళ్ళి బుక్కు తెచ్చారు. ఉంది.

పాలకవర్గం గడువు అయిపోయి ఎన్నికలు జరగకపోతే సర్పంచ్ స్థానంలో ప్రత్యేకాధికారి ఉంటారు. అప్పుడు కూడా పద్ధతి ఇదే, కాకపోతే ఆయనకి మీ ఊరు తెలియకపోవచ్చు, ఒకసారి పడవెక్కించి తీసుకురండి. ఆరు కాగితాలు చేయని పని ఒక్క పడవ ప్రయాణం చేస్తుంది, ముఖ్యంగా గాలి ఉన్న రోజైతే.

డబ్బు ఏ జేబులో ఉందో చూడండి

పంచాయతీకి రెండు రకాల డబ్బు. ఒకటి సొంతది, ఇంటి పన్ను, నీటి పన్ను, వేలం పాటలు వగైరా. లంకల్లో ఇది చాలా తక్కువ, దాచేదేముంది. రెండోది పైనుంచి వచ్చే ఆర్థిక సంఘం నిధులు. 15వ ఆర్థిక సంఘం లెక్కలో (2021–26) వచ్చిన దాంట్లో 60 శాతం ముడిపెట్టిన డబ్బు ఉండేది, 30 పారిశుధ్యానికి, 30 మంచినీటికి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చేవాళ్ళు, జీతాలకి మాత్రం కాదు.

ఇది తెలిస్తే అర్జీ రాయడం మారుద్ది. పై బోరు దిమ్మె చూడండి, దాన్ని "సివిల్ పని" అని రాస్తే ముడిపెట్టని వాటాలో సీసీ రోడ్లతో పోటీ పడాలి. "వరదలో మంచినీటి సరఫరా ఆగకుండా" అని రాస్తే మంచినీటి వాటాలోంచి అడగొచ్చు, అక్కడ పోటీ తక్కువ. అబద్ధం రాయమని కాదు, నిజాన్నే సరైన అరలో పెట్టమని.

ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనేది 2020 ఏప్రిల్లో కేంద్రం పెట్టిన ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్లోనూ, మేరీ పంచాయత్ యాప్‌లోనూ కనపడుద్ది. జిల్లా, మండలం, ఊరు ఎంచుకుంటే ప్లాను, పనులు, బిల్లులు వస్తాయి. ఇంటర్నెట్ సిగ్నల్ మా ఊళ్ళో ఏటిగట్టు ఎక్కితేనే వస్తుంది, మీకూ అంతే అయితే ఓ సాయంత్రం ఎక్కి స్క్రీన్‌షాట్లు తీసుకోండి. ఈ నిధుల చెల్లింపు ఆన్‌లైన్లో డిజిటల్ సంతకం కీలతోనే జరుగుద్ది. చాలాసార్లు పని అయిపోయి కూడా బిల్లు ఆగేది ఆ కీ గడువు అయిపోయో, కొత్త సెక్రటరీ గారి కీ ఇంకా రిజిస్టర్ అవకో. కాంట్రాక్టరు సగంలో వదిలేసి పోతే తిట్టే ముందు ఇది అడగండి.

రేవు, పడవ, పాట

లంకోడికి రోడ్డంటే రేవే. రేవుల మీద చట్టం మనకి 1890 నుంచి ఉంది, కాలువలు, పబ్లిక్ ఫెర్రీల చట్టం అని, అంటే రైలు వంతెనలు పూర్తిగా రాకముందు నుంచీ రేవు సర్కారు వ్యవహారమే. ఇప్పుడు చాలా రేవులకి పంచాయతీయో మండల పరిషత్తో ఏడాదికోసారి వేలం వేస్తుంది. పాట పాడుకున్నవాడు ఆర్థిక సంవత్సరం పొడుగునా పడవ నడిపి జనం దగ్గర ఛార్జీ వసూలు చేసుకుంటాడు. అందుకే మార్చిలో అడగాల్సింది అన్నారు మండలాఫీసులో ఆ పెద్దమనిషి.

పాటకి ముందు షరతుల కాగితం తయారవుద్ది. మనం చెయ్యి పెట్టాల్సింది ఆ కాగితంలో, పాట అయిపోయాక ఏం చెప్పినా పాటదారుడు "షరతుల్లో లేదు కదండి" అంటాడు. ఫిబ్రవరిలోనే అర్జీ పెట్టి ఇవి రాయించండి: మనిషికి, సైకిలుకి, మోటారు సైకిలుకి, పశువుకి ఎంతో రాసిన బోర్డు రెండు రేవుల్లోనూ ఉండాలి. యూనిఫాంలో ఉన్న బడిపిల్లలకి ఫ్రీ. మొదటి పడవ ఎన్నింటికి, ఆఖరి పడవ ఎన్నింటికి. రాత్రిపూట ప్రాణాపాయం వస్తే సరంగు (పడవ నడిపేవాడు) ఒకరు ఊళ్ళోనే అందుబాటులో ఉండాలి. పడవ మీద ఎంతమందిని ఎక్కించొచ్చో పెయింటుతో రాయాలి. లైఫ్ జాకెట్లు ఎన్ని.

లైఫ్ జాకెట్ల గురించి ఒక మాట. మా పడవలో ఉన్నాయండి, లేవని అనను. పన్నెండు. ప్లాస్టిక్ తాడుతో కట్టగట్టి కప్పు కింద వేలాడదీసుంటాయి, ఆ తాడు ముడి వేసి రెండేళ్ళయింది, ఇప్పుడది చేత్తో రాదు, కొడవలి కావాలి. మధ్యాహ్నం బేరం లేనప్పుడు సరంగు వాటిల్లోంచి జారిపోయిన ఒకదాన్ని తలకింద పెట్టుకుని పడుకుంటాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు లెక్కపెట్టి పన్నెండు అని రాసుకుని వెళ్ళారు. అందుకని షరతుల్లో "ఉండాలి" అని కాదు, "ప్రయాణికులు వేసుకునేలా చేతికందేచోట విడివిడిగా ఉండాలి" అని రాయించండి. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదాట్లో టూరిస్టుల బోటు మునిగింది ఎవరం మర్చిపోలేదు కదా.

వేలానికి ఎవరూ రాకపోతే? చిన్న రేవుల్లో ఇది మామూలే, జనం తక్కువ, డీజిలు ఎక్కువ. అప్పుడు మండలం నుంచి పడవ పెట్టి నడిపించమని ముందే తీర్మానం చేయించాలి, వరదల కాలానికి ఉచిత పడవ కావాలని అందులోనే విడిగా రాయించాలి. ఈ తీర్మానం కాపీ ఎంపీడీవో గారికి, ఎమ్మార్వో గారికి ఏప్రిల్లోపు చేరిపోవాలి.

వరదకి ముందు

మా మామ్మ నీళ్ళ అంచున పుల్ల గుచ్చి, అన్నం తిని వచ్చి చూసేది, పుల్ల మునిగితే ఎక్కుతున్నట్టు. ఇప్పటికీ అదే చేస్తాం, ఫోన్లు వచ్చినా. దానికి తోడు రెండు లెక్కలు చూడండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పది లక్షల క్యూసెక్కులు వదిలితే మొదటి హెచ్చరిక, పదమూడుకి రెండు, పదిహేడుకి మూడు. భద్రాచలంలో పెరిగింది మనదాకా రావడానికి రోజు అటూ ఇటూ పడుద్ది, అదే మనకున్న టైము. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. మీ ఊళ్ళో ఎన్ని లక్షలకి ఏ వీధిలోకి నీళ్ళొస్తాయో పెద్దవాళ్ళకి తెలుసు, అది ఓ కాగితం మీద రాసి జూన్ మీటింగులో ఇవ్వండి. "పదకొండు లక్షలకి బాట పోద్ది, పద్నాలుగుకి స్కూలు మెట్లు మునుగుతాయి" లాంటి లెక్క ఏ ఆఫీసులోనూ ఉండదు, ఇచ్చినవాడి మాటకి విలువ వస్తుంది.

నెలలు నిండుతున్న గర్భిణీల లిస్టు ఏఎన్ఎమ్ గారి దగ్గర ఉండాలి, రెండో హెచ్చరిక దాకా ఆగకుండా గట్టు మీదకి పంపెయ్యాలి. డయాలసిస్ వాళ్ళు, ఇన్సులిన్ వాడేవాళ్ళు కూడా. 108కి ఫోన్ చేస్తే ఊరి పేరు కాదు, బండి ఏ రేవుకి రావాలో ఆ రేవు పేరు, ఏ ఒడ్డో చెప్పండి, లేకపోతే బండి ఓ రేవుకి, పడవ ఓ రేవుకి. విపత్తుల సంస్థ నంబర్లు 112, 1070, ఇంకోటి 18004250101, పడవ కప్పు కింద పెయింటుతో రాయించండి.

నీళ్ళు తీశాక: లిస్టు

నీళ్ళు తీశాక బురద కడుక్కోవడంలో పడి జనం లిస్టు సంగతి మర్చిపోతారు. వీఆర్వో గారు ఊళ్ళోకి వచ్చే రోజు ఇంట్లో మనిషుండాలి. పడిపోయిన గోడని కడిగి సర్దేముందు ఫోటో తీయండి, ఫోటోలో ఇంటి నంబరు పలక కనపడాలి. 2022లో పునరావాస కేంద్రాలకి వెళ్ళిన కుటుంబానికి 2000 రూపాయలు ఇచ్చారు, అప్పుడు "నా పేరు లేదు" అన్న గొడవలు మా ఊళ్ళో చాలానే జరిగాయి, కారణం చాలామంది కేంద్రానికి వెళ్ళకుండా మేడమీద ఉండిపోయారు, రిజిస్టర్లో పేరు లేదు. వెళ్తే పేరు రాయించండి, వెళ్ళకపోతే వెళ్ళలేదని, ఎందుకు వెళ్ళలేదో రాసి ఇవ్వండి. లిస్టు సచివాలయం గోడకి అంటించిన రోజు చూసి, పేరు లేకపోతే ఆ రోజే అభ్యంతరం రాసివ్వాలి.

పంటకి మూడు కావాలి. ఈ-క్రాప్‌లో, అంటే సర్కారు ఆన్‌లైన్ పంట లెక్కలో నమోదు ఉండాలి. నష్టం 33 శాతమో అంతకంటే ఎక్కువో ఉండాలి. కౌలు రైతైతే సీసీఆర్‌సీ (పంట సాగుదారు హక్కు) కార్డు ఉండాలి, అది 11 నెలలకే చెల్లుద్ది కాబట్టి ఏటా తీసుకోవాలి. అరటి, కంద, కూరగాయలు వేసేవాళ్ళు ఈ-క్రాప్ అనగానే వరి రైతులదని అనుకుంటారు, కాదు.

ఇంక కోత. ఏటికోతకి పొలం పోయినవాడి బాధ వేరు, పంట పోతే మళ్ళీ వస్తుంది, నేల రాదు. విపత్తు సాయం నిబంధనల్లో (2022–26) నది దారి మారి భూమి పోతే చిన్న, సన్నకారు రైతుకి హెక్టారుకి 47,000 రూపాయలు అని ఉండేది, ఎకరానికి సుమారు 19,000. కొబ్బరితోట పోయినవాడికి అది ఏ మూలకీ రాదు, నిజమే. కానీ అదైనా రావాలంటే రెవెన్యూ రికార్డులో మీ పేరుండాలి. సొసైటీ లంకలు (సొసైటీ పేరున ఉన్న లంక భూములు), తాతల నాటి నోటి పంపకాలు ఉన్నచోట ఇక్కడే దెబ్బతింటారు. వరదకి ముందే మీభూమి వెబ్‌సైట్లో 1బి, అడంగల్ (మీ భూమి రికార్డులు) చూసుకోండి, తాతగారి పేరే ఉంటే మ్యుటేషన్ పెట్టండి, సర్వేయరుతో హద్దు కొలిపించండి. నేల గోదాట్లోకి పోయాక కొలవడానికేముంది, నీళ్ళు తప్ప.

సర్టిఫికెట్ల సంగతి క్లుప్తంగా

కులం, ఆదాయం లాంటివాటికి పడవెక్కక్కర్లేదు ఇప్పుడు. 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సర్వీసు నంబరు 9552300009, హాయ్ అని పెడితే మెనూ వస్తుంది. పుట్టుక, చావు మాత్రం 21 రోజుల్లో పంచాయతీలో రాయించండి, ఫీజు ఉండదు, దాటితే తిరుగుడే. లంకలో ఇంటి దగ్గర చనిపోయిన పెద్దవాళ్ళవి రాయించడం మర్చిపోయి, పొలం పేరు మార్చేటప్పుడు గుర్తొచ్చి ఏళ్ళతరబడి తిరిగేవాళ్ళని చూశా.

కదలకపోతే

నెల ఆగండి. కదలకపోతే సోమవారం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకి తీర్మానం కాపీతో వెళ్ళండి, లేదా 1100కి ఫోన్ చేయండి, నంబరు ఇస్తారు, రాసుకోండి. "సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చి, బయటకెళ్ళి చూస్తే లైటు వెలగకపోతే ఊరుకోకుండా మళ్ళీ తెరిపించాలి.

ఆ తర్వాత సమాచార హక్కు. ఏపీలో గ్రామస్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకి 30 రోజులు, రాకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. "ఎందుకు చేయలేదు" అని అడక్కండి, దానికి జవాబు రాదు. కాగితం అడగండి: ఫలానా తేదీ గ్రామసభ మినిట్స్ కాపీ, ఫలానా పనికి ఎస్టిమేటు, ఎం బుక్ (పని కొలతల పుస్తకం) కాపీ, ఈ ఏడాది రేవు పాట షరతులు, పాట మొత్తం ఎంత, ఎవరి ఖాతాలో జమైంది. రికార్డులు వెళ్ళి స్వయంగా చూస్తామని కూడా అడగొచ్చు, పనిలో వాడిన సామాను నమూనా కూడా తీసుకోవచ్చు చట్టప్రకారం. ఊళ్ళో పనైతే సమాచార హక్కు ముందే వాడొద్దని నా అభిప్రాయం, సెక్రటరీ గారు కూడా రేపు మన పడవలోనే ఎక్కాలి, మొహాలు చూసుకోవాలి. రెండుసార్లు నోటితో, ఒకసారి కాగితంతో అడిగాక వాడండి.

ఈ కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఆ ఫైలు ఎరువుల బస్తా లోపలుండే ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద పెట్టండి. మా మొదటి ఫైలు ట్రంకుపెట్టెలో ఉండేది. 2022లో నీళ్ళు తీశాక తీసి చూస్తే అర్జీల మీద జెల్ పెన్నుతో రాసిందంతా కరిగి నీలం మరక అయిపోయింది, ఆఫీసు స్టాంపులు మాత్రం చెక్కు చెదరలేదు. అప్పట్నుంచి బాల్ పెన్నే వాడుతున్నాం.